ఆకుపచ్చ సంచి వెనకవైపు

సోమవారం ఉదయం ఎనిమిదింటి మీటింగులో లియావ్ సారు పన్నెండు ల్యాప్‌టాప్‌ల పేర్లు చదివాడు. పేర్లంటే నంబర్లే. ఆ బళ్ళో ప్రతి వస్తువు మీదా ఒక తెల్ల చీటీ ఉంటుంది, దాని మీద నంబరు, కొన్న ఏడు, ఎన్నేళ్ళు వాడాలన్న లెక్క ఉంటాయి. బల్లకైనా, ఫ్యానుకైనా, పిల్లలు కొట్టే డోలుకైనా ఆ చీటీ తప్పదు. బడి సొత్తంతా ఆయన చేతి కింద ఉంటుంది కాబట్టి హాజరు పిలిచినట్టు ఆ నంబర్లన్నీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇవన్నీ పనికిరానివి. శుక్రవారం మీటింగులో తుక్కు కాగితం మీద ముద్రలు పడిపోవాలి. శనివారం బండొస్తుంది."

"మరి కొత్తవో?" అని హెడ్మిస్ట్రెస్ అడిగింది.

"వచ్చే ఏడు అడుగుదాం. ఇస్తే ఇస్తారు."

కో పేయున్ చివరి కుర్చీలో కూర్చుని ఉంది. ఏడాది ఒప్పందం మీద వచ్చిన టీచరు. ఆమెకు వచ్చింది సంగీతం, ఆమెకు ఇచ్చింది కంప్యూటర్లు. తైపేకి దూరంగా, సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న బళ్ళో పిల్లలు ఇరవై ఏడుగురు, టీచర్లు తొమ్మిదిమంది. ఎవరికీ అక్కర్లేని పని ఏదుంటే అది ఆఖరున వచ్చినవాళ్ళ నెత్తిన పడుతుంది. ఏడాది తిరిగేసరికి వాళ్ళు వెళ్ళిపోతారు, ఇంకొకరు వస్తారు, పని మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది.

"అయినా అవి ముసలివై పాడవలేదు," లియావ్ సారు కళ్ళజోడు పెట్టుకుంటూ అన్నాడు. "పోయిన ఏడు ఆ తెంగ్ టీచరు చేసిన నిర్వాకం. అన్నిటికీ తాళాలేసుకుని ఒక్క ముక్క అప్పజెప్పకుండా చక్కాపోయాడు."

నలుగురూ తలలూపారు. పోయినవాడి కళ్ళు చారెడంటారు గాని, ఆ బళ్ళో వెళ్ళిపోయినవాడి చేతులెప్పుడూ వంకరే. ప్రింటరు ఆగితే తెంగ్ టీచరు. ఇంటర్నెట్టు నత్తలా పాకితే తెంగ్ టీచరు. చలికాలంలో గంట అయిదు నిమిషాలు ముందు మోగితే, దానికీ ఆయనకీ ఏ సంబంధమూ లేకపోయినా, తెంగ్ టీచరే. నిజం చెప్పాలంటే పేయున్ కూడా ఆ మనిషి మొహం ఎరగకుండానే ఎనిమిది నెలలుగా తిట్టుకుంటోంది. సెప్టెంబరులో ఒకసారి ఫోను చేసింది. ఆ నంబరు వాడుకలో లేదని ఒక ఆడగొంతు చెప్పింది. పోతూ పోతూ నంబరు కూడా మార్చుకున్నాడని ఆ రోజు ఇంకో నాలుగు తిట్లు తిట్టింది.

ఇవాళ మాత్రం ఆమెకు వేరే సంగతి గుర్తొచ్చింది. ఆరో తరగతి వాళ్ళు నలుగురే. జూన్‌లో వాళ్ళు ఈ బడి దాటి వెళ్ళిపోతారు. కంప్యూటరు క్లాసు నలభై నిమిషాలు, అందులో ల్యాప్‌టాపు తెరుచుకోవడానికే పదకొండు నిమిషాలు. ఆమె గడియారం పెట్టి చూసింది. ఆ పదకొండు నిమిషాలూ పిల్లలు చేతులు కట్టుకుని నల్లటి తెర వంక చూస్తూ కూర్చుంటారు. ఊళ్ళో ఆల్చిప్పల పెంపకం మీద బతికే ఇళ్ళే ఎక్కువ, ఇంట్లో కంప్యూటరున్న పిల్లల్ని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ పన్నెండూ పోతే ఇక నల్లటి తెర కూడా ఉండదు.

"సార్," అంది. తన గొంతు తనకే చిన్నగా వినిపించింది. "తేలికపాటి సిస్టం ఒకటి ఉందట. ముసలి యంత్రాల మీద కూడా నడుస్తుందట. లోకంలో ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. ఒక్కదాని మీద వేసి చూడనా?"

"బడి సొత్తు మీద ప్రయోగాలా? వేసింది చెడితే ఎవరు జవాబు చెప్పాలి? ముందు పనిచేస్తుందని చూపించండి కో టీచర్, తరవాత ముట్టుకుందురు గాని."

"ముట్టుకోకుండా ఎలా చూపించేది సార్?"

"అది మీరు చూసుకోవాలి." లియావ్ సారు చొక్కా జేబులోంచి తన ముద్ర తీసి, దాని మీద నోటితో ఒకసారి ఊది, ముందున్న వేరే కాగితం మీద నొక్కాడు. ఆయన ముద్ర వేసే ముందు ఎప్పుడూ అలా ఊదుతాడు.

ఈతొచ్చేదాకా నీళ్ళలో దిగొద్దన్నట్టుంది వ్యవహారం. ఒకటో తరగతి టీచరు బల్ల కింద పేయున్ మోకాలి మీద జాలిగా తట్టింది.

అయితే నీళ్ళలో దిగకుండా ఈత నేర్చుకునే చోటు ఒకటి ఉందని ఆ సాయంత్రమే ఆమెకు తెలిసింది. కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరును ఊహించి నిలబెట్టొచ్చు. దానికి కాస్త మెమరీ, కాస్త డిస్కు కేటాయిస్తే అది తనను తాను నిజమైన యంత్రమే అనుకుని నడుస్తుంది. పిల్లలు ఆడుకునే బొమ్మరిల్లు లాంటిదే, కాకపోతే ఇందులో పొయ్యి నిజంగా అంటుకుంటుంది. లోపల ఏం తగలబెట్టుకున్నా బయటి ఇంటికి సెగ తగలదు. పైగా ఆ బొమ్మ యంత్రానికి ల్యాప్‌టాప్‌లకున్నంత మెమరీయే ఇస్తే, దాని మీద నడిచేది వాటి మీదా నడుస్తుందని చూపించినట్టే.

మంగళవారం కంప్యూటరు గదిలో తను వాడే పెద్ద కంప్యూటరు ముందు కూర్చుంది. తేలికపాటి సిస్టం ఫైలు దిగడానికి రెండు పీరియడ్లు పట్టింది. ఈలోపు మూడో తరగతికి పిల్లనగ్రోవి పాఠం చెప్పి వచ్చింది. బొమ్మ యంత్రానికి పేరు పెట్టమంటే 'పదమూడు' అని పెట్టింది, పన్నెండింటి తరవాతిది కాబట్టి. ల్యాప్‌టాప్‌లకు రెండు గిగాబైట్ల మెమరీ ఉంది. లియావ్ సారు వేలు పెట్టడానికి సందు లేకుండా దీనికి ఒక్కటే ఇచ్చింది. డిస్కు పది. దింపిన ఫైలును లోపలి డ్రైవులో సీడీ పెట్టినట్టు తగిలించి, నడిపించమని నొక్కింది.

తెర మీద ఎర్ర గుర్తు వచ్చింది. యంత్రంలో యంత్రం నడవాలంటే అసలు యంత్రం లోపలి సెట్టింగుల్లో ఒక మీట తెరిచి ఉండాలట, అది మూసి ఉంది. కంప్యూటరు ఆపి, మళ్ళీ వెలిగిస్తూ మీట ఉండే నీలం తెరలోకి వెళ్ళబోయింది. పాస్‌వర్డు అడిగింది. బడి పేరు కొట్టింది. కాదంది. బడి ఫోను నంబరు కొట్టింది. కాదంది. సున్నాలు కొట్టింది. మూడోసారితో కంప్యూటరు అలిగి ఆరిపోయింది.

ఫోటోకాపీ కోసం ఆ గదిలోకి వచ్చిన లియావ్ సారు ఆమె వెనక నిలబడి అంతా చూశాడు.

"నేను చెప్పలా? తాళమేసి చెవి పట్టుకుపోయాడు. ల్యాప్‌టాప్‌లకీ ఇదే రోగం. మీరు ఎందుకు ఒళ్ళు హూనం చేసుకుంటారు టీచర్, పోనివ్వండి."

ఆయన గొంతులో ఎకసెక్కం లేదు, నిజంగానే జాలి పడ్డాడు. అది ఆమెకు ఇంకా ఒళ్ళు మండించింది. ఆ మంటంతా మళ్ళీ తెంగ్ టీచరు మీదికే పోయింది. మాటవరసకైనా ఎదురు చెప్పడానికి రాలేని మనిషిని తిట్టడం ఎంత తేలికో ఆమెకు ఆ రోజుకింకా తోచలేదు.

ఫోటోకాపీ యంత్రం లియావ్ సారు కాగితాన్ని నమిలి మింగింది. దాని నెత్తిన పసుపుపచ్చ చిరుతిండి సంచి ఒకటి కూర్చుని ఉంది. యంత్రాలు మొరాయించకుండా ఆ దేశంలో ఆచారంగా వాటి మీద పెట్టేది ఆకుపచ్చ సంచి, కొబ్బరి రుచిది. ఆకుపచ్చ దీపమంటే 'నడువు' అని, పసుపంటే 'ఆగు' అని పసిపిల్లాడికైనా తెలుసు. కొట్లో ఆకుపచ్చవి అయిపోయాయని, రంగులో ఏముందిలెమ్మని లియావ్ సారు పసుపుది తెచ్చి పెట్టిన నాటినుంచీ అది కాగితాలు నములుతూనే ఉంది.

గది మూల, తీగలన్నీ వచ్చి చేరే ఇనప బీరువా మీద మాత్రం శాస్త్రప్రకారం ఆకుపచ్చ సంచే ఉంది. ముందువైపు ఉన్న ఖాళీలో మార్కరుతో 'బుద్ధిగా పనిచెయ్యి' అని ఎవరో రాశారు. అది ఉన్నందువల్లే బీరువా బాగుందని ఎవరూ రుజువు చేయలేదు, తీసి చూసే ధైర్యమూ ఎవరూ చేయలేదు. తినకూడదు, కదపకూడదు, దుమ్ము దులపాలన్నా దాని చుట్టూ దులపాలి. పేయున్ కూడా ప్రతి శుక్రవారం దాని చుట్టూ గుడ్డ పెట్టి తుడిచేది.

బుధవారం మధ్యాహ్నం సియూకిమ్ పిన్ని ఆ గదిలోకి వచ్చింది. వంటింట్లో ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు వండిపెడుతున్న మనిషి. మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తాయని పై అంతస్తుకు ఎప్పుడూ రాదు. ఒక చేతిలో వచ్చే వారం భోజనాల పట్టిక, ఇంకో చేతిలో మూత పెట్టిన గిన్నె.

"ఇది ప్రింటు తీసిపెట్టు అమ్మాయ్. కింద మిషను చచ్చింది. ఇది నీకు, కాకరకాయ సూపు. అన్నం తినలేదంట గదా."

"ఆకలి లేదు పిన్నీ."

"ఆకలి లేదనే మొహమే అది? తాగు ముందు." కుర్చీ లాక్కుని కూర్చుని, ఆయాసం తీరేదాకా గదంతా కలియజూసింది. చూస్తూ చూస్తూ బీరువా దగ్గర ఆగింది. "దాని మీద తేదీ చూశావా?"

"దేని మీద?"

"ఆ సంచి మీద. నా కళ్ళు ఊరుకోవమ్మా, సోయా సీసా కనబడితే తేదీ చూస్తాయి." లేచి వెళ్ళి, ముట్టుకోకుండా మెడ సాచి చదివింది. "నవంబరు ఇరవై. ఇదేమో ఏప్రిలు. అయిదు నెలలుగా చచ్చిన సంచిని కాపలా పెట్టుకున్నారా మీరు? లేనిదానికన్నా పాడు గదే అది."

పేయున్‌కు సిగ్గేసింది. ఆ గది తనది. ఆ బీరువా తనది. తేదీ దాటకుండా సంచి మార్చడం తన పనే.

"తెంగ్ టీచరు పెట్టి పోయాడు పిన్నీ. నేనసలు చూడలేదు."

"ఆ అబ్బాయేగా. నేను పక్కనే ఉన్నా కొట్లో. ఎవరైనా దూరపు తేదీది ఏరుకుంటారు. అతను మొత్తం బుట్ట తిరగేసి దగ్గర తేదీది ఏరుకున్నాడు. పిచ్చిమారాజనుకున్నా." పిన్ని నవ్వింది. "మంచోడేలే. రోజూ గిన్నె తనే కడిగి పెట్టేవాడు. ఇక్కడ అతన్ని తిడుతుంటే నాకేం అర్థంగాదు. సర్లే, తియ్యి దాన్ని. దణ్ణం పెట్టి తియ్యి. కొత్తది రేపు తెచ్చుకో."

పేయున్ కుర్చీ ఎక్కి, నమ్మకం ఉండీ లేక, రెండు చేతులూ జోడించి ఒకసారి తల వంచి, సంచిని ఎత్తింది. వెనకవైపు వేళ్ళకు గరుకుగా తగిలింది. తిప్పి చూస్తే, మడత పెట్టిన కాగితం ఒకటి నాలుగు వైపులా టేపు వేసి అంటించి ఉంది.

కుర్చీ మీదే నిలబడి చదివింది.

"నా తరవాత వచ్చే టీచర్ గారికి. సంచి మార్చడానికి తీశారంటే మీరు జాగ్రత్త గల మనిషి, నాకిక బెంగ లేదు. నవంబరుకల్లా ఈ గది మీకు అలవాటై ఉంటుంది. వివరాలన్నీ నీలం ఫైల్లో రాసి జూన్ ఇరవై ఎనిమిదిన లియావ్ సారుకిచ్చి ముద్ర వేయించుకున్నాను. అది మీకు అందే ఉంటుంది. ఒకవేళ అందకపోతే, అన్ని యంత్రాల లోపలి తాళం కింద రాశాను. పిల్లలు లోపలి సెట్టింగులు మార్చేస్తున్నారని వేసిన తాళం అది, మీ మీద కాదు.

ల్యాప్‌టాప్‌లు పాడవలేదు. ముసలివయ్యాయంతే. తేలిక సిస్టం వేస్తే ఇంకో నాలుగేళ్ళు నడుస్తాయి. నేను అడిగాను, కుదరలేదు. మీరు ముందు యంత్రంలో యంత్రం పెట్టుకుని నేర్చుకోండి, అక్కడ తప్పు చేస్తే ఎవరికీ నష్టం లేదు. మధ్యలో డిస్కు మొత్తం చెరిపేస్తానంటుంది. భయపడకండి, అది లోపలి బొమ్మ డిస్కే. చివర్లో సీడీ ఫైలు తీసేయడం మరిచిపోకండి. నేను నాలుగుసార్లు మరిచిపోయాను. — తెంగ్."

కింద ఎనిమిది అంకెలు ఉన్నాయి.

"ఏంటే, ఏడుస్తున్నావా?" అంది పిన్ని.

"లేదు పిన్నీ."

"సూపు చల్లారిపోతోంది."

పేయున్ కుర్చీ దిగి సూపు తాగింది. 'మీరు జాగ్రత్త గల మనిషి' అన్న మాట గొంతులో కాకరకాయ కన్నా చేదుగా దిగింది. నవంబరులో ఎక్కాల్సిన కుర్చీ ఏప్రిల్లో ఎక్కింది. ఈ అయిదు నెలల్లో ఎన్నిసార్లు తిట్టిందో ఆమెకే లెక్క లేదు, ఆయనేమో ఆ మూల కూర్చుని అంతకాలమూ తాళంచెవి పట్టుకుని చేయి చాపే ఉన్నాడు.

ఎనిమిది అంకెలూ కొట్టింది. నీలం తెర తలుపు తీసినంత సులువుగా తెరుచుకుంది. మీట వెతికి 'తెరువు' అని మార్చి, బయటికొచ్చి, 'పదమూడు'ను లేపింది. నల్లటి చిన్న కిటికీలో తెల్లటి అక్షరాలు వానలా కురిశాయి. తరవాత లేత నీలం తెర, భాష ఏదని ప్రశ్న. భాష చెప్పింది. కీబోర్డు చెప్పింది. ఊరు తైపే అని చెప్పింది, అంతకన్నా దగ్గర ఊరు దాని పట్టికలో లేదు.

'డిస్కు మొత్తం చెరిపివేసి కొనసాగించు' అని వచ్చింది.

కాగితంలో చదివి ఉన్నా వేలు ఆగిపోయింది. అదే కంప్యూటరులో ఇరవై ఏడుగురి మార్కులున్నాయి, పాటల రికార్డింగులున్నాయి, పిన్ని భోజనాల పట్టికలున్నాయి. 'భయపడకండి' అన్న మాట మీద వేలు పెట్టి ఒకసారి చదువుకుని, ఇంకో వేలితో నొక్కింది. పచ్చటి గీత ఒకటి మెల్లగా కుడివైపుకి నడవడం మొదలుపెట్టింది. ఆమె కళ్ళు ఆ గీత మీదా, తన మార్కుల ఫోల్డరు మీదా మార్చి మార్చి తిరిగాయి. ఫోల్డరు ఎక్కడిదక్కడే ఉంది.

పద్దెనిమిది నిమిషాలకు పని పూర్తయిందని, మళ్ళీ మొదలుపెట్టమని చెప్పింది. మొదలుపెట్టింది. మళ్ళీ భాష ఏదని అడిగింది. ఏమైందో అర్థంగాక మొదటినుంచీ అంతా మళ్ళీ చేసింది. మళ్ళీ భాష ఏదని అడిగింది. అప్పుడు కాగితం చివరి వాక్యం మీద చూపు పడింది. లోపల సీడీ అలాగే ఉంటే అది పాపం మాటిమాటికీ మొదటికే వస్తుంది. ఒంటరిగా ఆ గదిలో పేయున్ పైకే నవ్వింది. "నేను రెండుసార్లే టీచర్," అంది సంచితో.

ఫైలు తీసేసి లేపింది. ముప్ఫై ఎనిమిది సెకన్లకు బొమ్మ యంత్రం కళ్ళు తెరిచి, ఖాళీ నీలం తెర మీద ఆమె పేరు రాసి స్వాగతం చెప్పింది. నమ్మలేక ఆపి, గడియారం పెట్టి, మళ్ళీ లేపింది. ముప్ఫై తొమ్మిది.

నాలుగు గంటల బస్సులో ఇంటికి పోతూ పేయున్ శుక్రవారం మీటింగును మనసులో ఆడించుకుంది. తను లేచి నిలబడుతుంది. కాగితం తీసి అందరి ముందూ గట్టిగా చదువుతుంది. 'జూన్ ఇరవై ఎనిమిది' దగ్గర ఆగి లియావ్ సారు మొహం చూస్తుంది. మొదటిసారి ఆడించుకున్నప్పుడు ఎంతో హాయిగా ఉంది. మూడోసారికి, అదే బల్ల చుట్టూ తలలూపిన నలుగురిలో తన తల కూడా కనిపించింది. చదివితే తన మొహం ఎవరు చూస్తారు? ఉప్పుమడులు దాటేసరికి కాగితాన్ని మడిచి పర్సు లోపలి అరలో పెట్టుకుంది.

గురువారం మొదటి పీరియడులో లియావ్ సారును ఒక్కడినే పిలిచి కూర్చోబెట్టింది. 'పదమూడు'ను లేపింది. ఆయన తన చేతి గడియారం చూసుకున్నాడు.

"దీనికి మెమరీ ఎంతిచ్చారు?"

"ఒకటే సార్. ల్యాప్‌టాప్‌లకు రెండు ఉంది."

ఆయన ఒంటి వేలితో కీలు వెతుక్కుంటూ తన పేరు కొట్టాడు. పేరు వచ్చింది. చెరిపేసి, కూతురి పేరు కొట్టాడు. అదీ వచ్చింది. పిల్లల బొమ్మల ప్రోగ్రాం తెరిచి ఒక గుండ్రటి గీత గీశాడు. చేప గీయబోయాడో పడవ గీయబోయాడో గాని కాసేపు తనను తాను మరిచిపోయాడు.

"బానే ఉంది," అన్నాడు కడకు. "ఉండి ఏం లాభం? ల్యాప్‌టాప్‌లకు తాళముందిగా."

"చెవి దొరికింది సార్."

"ఎక్కడ?"

"సంచి వెనక." కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. రాత్రంతా సిద్ధం చేసుకున్న మాటలన్నీ వదిలేసింది. "మీ బీరువాలో నీలం ఫైలు ఉందేమో ఒకసారి చూస్తారా?"

లియావ్ సారు చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు. "నాకతను ఏమీ ఇవ్వలేదు," అన్నాడు. కాని ఆ మాటకు మునుపటి బలం లేదు. లేచి తన గదికి నడిచాడు. పేయున్ వెనకే వెళ్ళి గుమ్మం దగ్గర ఆగింది. ఆయన నడుముకున్న తాళంచెవుల గుత్తిలోంచి ఒకటి ఏరి బీరువా తెరిచాడు. తుక్కు కాగితాల కట్టలు, మరుగుదొడ్ల మరమ్మతు బిల్లులు, పాత చీటీల అట్టలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చాడు. మూడో అరలో, తుఫాను ముందుజాగ్రత్తల దస్త్రం కింద, నీలం అంచు కనిపించింది.

మొదటి పేజీలోనే ఎర్రటి ముద్ర ఉంది. ఊది వేసిన ముద్ర కదా, ఒక్క గీత కూడా అలుక్కోలేదు.

"ఆ రోజు తుఫాను హెచ్చరిక వచ్చింది," ఆయన ముద్ర వంక చూస్తూ అన్నాడు. "కిటికీలకు టేపులు వేయిస్తున్నా. ఏదో ఇచ్చాడు. ముద్ర వేసి లోపల పడేశా." ఒక్కో పేజీ తిప్పాడు. ప్రతి ల్యాప్‌టాపుకీ ఒక పేజీ ఉంది. ఏ కీ ఊడింది, ఏ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, ఉప్పుగాలికి ఏ మరలు తుప్పు పట్టాయి, అన్నీ చిన్న అక్షరాలతో రాసి ఉన్నాయి. ఆఖరి పేజీలో కొత్త ఫోను నంబరు. 'తాయ్‌తుంగ్ వెళుతున్నాను, పాత నంబరు ఉండదు, ఏ సందేహమున్నా ఎప్పుడైనా సరే చేయండి.'

"మీరు వెళ్ళి ల్యాప్‌టాప్‌ల పని చూడండి టీచర్," అన్నాడు లియావ్ సారు, ఆమె వంక చూడకుండా.

ఆమె వరండాలో పది అడుగులు వేసిందో లేదో ఆయన గొంతు వినిపించింది. కావాలని వినలేదు, కాని కాళ్ళు ఆగిపోయాయి.

"తెంగ్ టీచరేనా? నేను, లియావ్‌ని. సముద్రం ఒడ్డు బడి... లేదు లేదు, ఏమీ పాడవలేదు. ఏమీ పాడవలేదయ్యా, అందుకే చేశా." కుర్చీ కిర్రుమంది. "తిన్నావా? ఇంకా పొద్దున్నే కదూ... అక్కడా కంప్యూటర్లేనా? పాపం." కాగితం తిప్పిన చప్పుడు. "నీ ఫైలు ఇప్పుడు చదివాను. పది నెలలు పట్టింది నాకు."

పేయున్ చప్పుడు కాకుండా కంప్యూటరు గదికి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దుటికి తొమ్మిది ల్యాప్‌టాప్‌లు లేచాయి. మూడింటికి మళ్ళీ సీడీ బదులు పెట్టిన పెన్‌డ్రైవు తీయడం మరిచిపోయింది, అవి మళ్ళీ భాష ఏదని అడిగాయి. చివరి మూడూ మీటింగు తరవాత చేయొచ్చని వదిలేసి కిందికి దిగింది.

లియావ్ సారు ముందు తుక్కు కాగితం ఉంది. జేబులోంచి ముద్ర తీశాడు. అలవాటుగా ఊదాడు. ఊది, ముద్రను బల్ల మీద పక్కకు పెట్టి, పన్నెండు నంబర్ల మీదుగా ఒక గీత కొట్టాడు.

"ఇవి తుక్కు కావు. కో టీచర్ చూపించారు." అక్కడితో ఆగుతాడనుకుంది. ఆయన ఆగలేదు. "ఇంకొకటి. పోయిన ఏడు తెంగ్ టీచర్ అన్నీ రాసి అప్పజెప్పాడు. ముద్ర నాది. బీరువాలో పడేసి మరిచింది నేను. ఈ గదిలో నేనన్న మాటలు, నా మాట విని మీరన్న మాటలు, అన్నీ వెనక్కి తీసుకుంటున్నా."

ఒకటో తరగతి టీచరు తన చేతి గోళ్ళు చూసుకుంది. హెడ్మిస్ట్రెస్ మెల్లగా, "మినిట్సులో రాయండి," అంది. పేయున్ రాసింది. తెంగ్ మింగ్‌యెన్ అని పూర్తి పేరు రాసింది. ఆ పేరు తన చేతి రాతలో అంత చక్కగా కనిపిస్తుందని ఆమె అనుకోలేదు. మనసులో తిట్టినన్నిసార్లు కాకపోయినా, ఒక్కసారి దణ్ణం పెట్టుకుంది.

నాలుగో పీరియడులో ఆరో తరగతి నలుగురూ చేతులు కట్టుకుని కూర్చున్నారు, పదకొండు నిమిషాల కోసం. నిమిషం కూడా కాకుండా తెరలు వెలిగాయి. వాళ్ళు కట్టుకున్న చేతులు అలాగే ఉంచి ఆమె వంక చూశారు. "చూస్తారేం, మొదలుపెట్టండి," అంది.

బడి వదిలాక లియావ్ సారు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో కొట్టు సంచి. దాంట్లోంచి రెండు ఆకుపచ్చ సంచులు తీశాడు.

"ఒకటి ఈ ఫోటోకాపీ మిషనుకి," అన్నాడు. "నవ్వకండి."

"నవ్వడం లేదు సార్."

"తేదీ చూడండి. బుట్టంతా తిరగేశా. ఉన్నవాటిలో ఇదే దగ్గర." ఆయన చేతులు వెనక్కి కట్టుకుని బీరువా వంక చూస్తూ నిలబడ్డాడు. పేయున్ ఒప్పందం జూలైలో అయిపోతుందని ఇద్దరికీ తెలుసు. దాని గురించి ఆయన చేయగలిగిందేమీ లేదని కూడా ఇద్దరికీ తెలుసు.

ఆమె మార్కరు తీసి సంచి ముందువైపు 'బుద్ధిగా పనిచెయ్యి' అని రాసింది. మార్కరు మూత పెట్టబోతుంటే లియావ్ సారు తన జేబులోంచి తెల్ల కాగితం ఒకటి, టేపు చుట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"వెనకవైపు కూడా రాయండి టీచర్," అన్నాడు. "ఈసారి నేను తిప్పి చూస్తాను."